పన్నెండో జాన

తమిళమూ తెలుగూ కలిసి వినిపించే ఉప్పళం పేటలో పెద్ద కాలవ వైపుకి తిరిగే సందులో ఒక సర్కారు ప్రాథమిక పాఠశాల ఉంది. పొద్దున ఎనిమిదిన్నరకి ఆయా మంగళం వచ్చి తాళం తీస్తుంది. గది ఊడ్చి, నల్లబల్ల తుడిచి, పిల్లలకి పాలు వేడిచేస్తుంది. తొమ్మిదింటికి హెడ్‌మిస్ట్రెస్ మహాలక్ష్మి స్కూటీ దిగుతుంది. ఆ బడికి ఉన్న ఒకే ఒక్క టీచరు కూడా ఆవిడే. అందుచేత సెలవు కావాలంటే తనకి తనే అర్జీ రాసుకుని, తనే కుదరదనేస్తుంది.

రాగానే ఆవిడ చేసే మొదటి పని తూర్పు గోడ వైపు చూడటం. రాత్రికి రాత్రి అది పక్కకి జరిగిందేమోనని.

ఆ బడి అంతే. పిల్ల చేరితే జానెడు పెరుగుతుంది, పిల్ల మానేస్తే జానెడు తగ్గుతుంది. టీచరు కుర్చీకీ నల్లబల్లకీ కలిపి ఆరడుగులు, ఆపైన పిల్లకి ఒక జాన, అంటే తొమ్మిదంగుళాలు. కట్టిన నాటి నుంచీ ఇదే లెక్క. మూడు వందలమంది చదివిన రోజుల్లో బడి సందు మొదటి నుంచి కాలవ గట్టు దాకా రైలుపెట్టెల్లా సాగి ఉండేది. ఇంగ్లీషు బళ్ళ పసుపు వ్యాన్లు సందులోకి రావడం మొదలయ్యాక తూర్పు గోడ వెనక్కి నడవడం మొదలుపెట్టింది. కిటికీలు ఒక్కొక్కటే సన్నబడి గోడలో కలిసిపోయాయి. గోడకున్న భారతదేశం పటం మడతపడి గుజరాత్ వచ్చి ఒడిశాకి ఆనుకుంది. ఖాళీ అయిన చోట వీధివాళ్ళు చేపలు ఎండబెట్టుకుంటారు, బట్టలు ఆరేసుకుంటారు. ఇల్లు మాత్రం ఎవరూ కట్టరు. బండి నిలిపేవాళ్ళు కూడా గోడకి జానెడు వదిలి నిలుపుతారు. ఎప్పుడు ఏ పిల్ల చేరుతుందో ఎవరికి తెలుసు?

సర్కారుకి ఈ పద్ధతి బాగా సౌకర్యంగా ఉంది. దొంగ పేర్లు రాసి రిజిస్టరు నింపితే గోడ కదలదు కదా. అందుకని ఏటా ఇంజనీరు ఆఫీసు నుంచి ఒకరు వచ్చి గది పొడవు కొలుస్తారు. కొలతా రిజిస్టరూ సరిపోయాయంటే సంతకం పెట్టి, పాలు తాగి పోతారు.

ఈ ఏడు మాత్రం ఒక సర్క్యులర్ వచ్చింది. పన్నెండు మందికి తక్కువైన బడిని మూసేసి పిల్లల్ని తట్టాంచావడిలో పెద్ద బడికి పంపాలని అందులో ఉంది. మహాలక్ష్మి దగ్గర ఉన్నది పదకొండుమంది. చేపల గంపలు మోసేవాళ్ళ పిల్లలు, కూలికి పోయేవాళ్ళ పిల్లలు. బస్సు రోడ్లు దాటి అంతదూరం వీళ్ళని రోజూ ఎవరు దిగబెడతారు? సగంమంది ఇంటి దగ్గరే ఉండిపోతారు. ఆవిడకి అది రెండు రెళ్ళు నాలుగన్నంత ఖాయంగా తెలుసు. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. తన చేతుల మీదుగా బడి మూతపడిందన్న మాట పడలేక వేసవి సెలవులంతా ఒక్క పిల్ల కోసం ఉప్పళంలో గుమ్మం గుమ్మం ఎక్కి దిగింది. మంగళం కూడా వెంట నడిచింది.

చివరికి వేల్మురుగన్ ఇంటికి వెళ్ళారు. అతనికి అయిదేళ్ళ కూతురుంది, నందిత. అతని భార్య తమిళ్‌సెల్వి కాఫీ ఇచ్చింది, కుర్చీ వేసింది, పిల్లని మాత్రం ఇవ్వనంది.

"మీరు బాగా చెప్తారని మాకు తెలీదా ఏంది టీచరమ్మా? ఈదిలో పిల్లకాయలంతా వ్యాన్ ఎక్కి పోతావుంటే మా పిల్ల ఒక్కటే నడిచిపోతే ఎట్లుంటాది చెప్పండి."

మహాలక్ష్మి కాఫీ గ్లాసు కింద పెట్టి లేచింది. ఆవిడ సొంత మనవరాలు కూడా వ్యాన్‌లోనే పోతుంది మరి.

బయటికొచ్చాక మంగళం అంది, "ఇంగ యాడికి పోదాం టీచరమ్మా?"

"ఇంగ యాడికీ లేదు మంగళం. అన్ని ఇండ్లూ అయిపోయినాయి."

కొలత రోజు రానే వచ్చింది. ఈసారి వచ్చింది కొత్తగా ఉద్యోగంలో చేరిన టి. గుణశేఖరన్. గోరిమేడు కుర్రాడు, ఇంట్లో తెలుగే. చంకలో కొలతల పుస్తకం, చేతిలో స్టీలు టేపు. సాయంత్రం అయిదులోపు కాగితం ఆఫీసుకి చేరాలట. పిల్లల్ని ఒక పక్కకి జరిపి, టేపు ఒక కొన మంగళం చేతికిచ్చి నల్లబల్ల గోడకి ఆనించమన్నాడు. తను తూర్పు గోడ దగ్గర వంగి చూశాడు. మళ్ళీ చూశాడు.

"మేడం, పిల్లలు ఎంతమంది అన్నారు?"

"పదకొండు."

"పదకొండుకి పద్నాలుగడుగుల మూడంగుళాలు రావాల. పదైదు ఉండాది."

ఇంకోసారి కొలిచారు. పక్క గోడ వెంబడి కొలిచారు. పిల్లలు కూడా సరదాపడి జానలు వేశారు. పదిహేనడుగులకి ఒక్క నూలుపోగు తక్కువ రాలేదు. బడి పన్నెండుమందిని లెక్కపెట్టుకుని కూచుంది. ఆ పన్నెండో పేరు ఏదో దొరికితే బడి నిలుస్తుంది. దొరక్కపోతే టేపుది తప్పని రాసి, బడి మూసేస్తారు.

గుణశేఖరన్ పాత పేజీలు తిప్పాడు. కిందటేడు కొలత పక్కన "టేపు సాగినది, ఒక జాన అధికం" అని ఉంది. అంతకుముందేడూ అదే మాట. అంతకుముందూ అదే. రాసిన చేతులు మారాయి, సిరాలు మారాయి, ఆ మాట మారలేదు. ఒకాయన రాస్తే తర్వాతి ఆయన చూసి రాశాడు.

"గుడ్డ టేపు సాగతాది సరే," అన్నాడు గుణశేఖరన్. "స్టీలు టేపు ఎట్ల సాగతాది మేడం? ఇరవై ఏండ్లుగా స్టీలు టేపే కదా మా ఆఫీసులో."

అతని వేళ్ళు వెనక్కి వెనక్కి పోయాయి. 2003. 1991. 1984. ప్రతి ఏడూ ఒక జాన అధికం. 1978 పేజీ దగ్గర ఆగాడు. అక్కడ లెక్క అంగుళంతో సహా సరిపోయింది. ఆ తర్వాతి పేజీ నుంచే జానెడు ఎక్కువ.

"డెబ్బై తొమ్మిదిలో ఎవరో చేరినారు," అన్నాడు మెల్లగా. "చేరినోళ్ళు మళ్ళీ పోలేదు."

మహాలక్ష్మి బీరువా అడుగు నుంచి ఆ ఏటి రిజిస్టరు లాగింది. అట్టకి అంటుకుపోయిన కాగితాలు ఊడదీసుకుంటూ ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చూసింది. అందరూ అయిదో తరగతి ముగించి పోయినవాళ్ళే. ఆఖరి వరసకి వచ్చేసరికి ఆవిడ వేలు కదల్లేదు. అక్కడ నెంబరు లేదు. పేరు మాత్రం ఉంది. ఆవిడ పైకి చదివింది.

"మంగళం. తండ్రి ముని, మిల్లు కూలీ. చెయ్యి అందలేదు. వచ్చే ఏడు రావలెను. చోటు ఉంచవలెను."

టేపు కొన ఇంకా పట్టుకునే ఉన్న మంగళం దాన్ని వదిలేసింది. అది సర్రుమని వెళ్ళి గుణశేఖరన్ చేతిలో చుట్టుకుపోయింది.

"చెయ్యి అందకపోవడం ఏంది మేడం?" అని అడిగాడతను.

"అప్పట్లో పుట్టిన తేదీ కాయితం ఎవురి దగ్గరుండాది? కుడి చెయ్యి తల మీదనించి తెచ్చి ఎడమ చెవి పట్టుకోమంటారు. అందితే అయిదేండ్లు నిండినట్టు. అందకపోతే పైయేడు రమ్మంటారు."

"మా నాయన భుజం మీద తెచ్చినాడు," అంది మంగళం. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "నేను ఎంత సాగదీసినా అందలా. సారు నవ్వి, పైయేడు తీసుకురా ముని అన్నాడు. పైయేడు మా తమ్ముడు పుట్టినాడు. మా అమ్మ వాణ్ణి నా చంకనేసి పనికి పోయింది. ఇంగ నన్ను ఎవురూ తీసుకురాలా. ఆయా పనికే వచ్చినా మళ్ళీ."

ఆ మాట రాసిన సారు మర్చిపోయి, రిటైరై, కాలం చేసి ఎన్నాళ్ళయిందో. తండ్రీ మర్చిపోయాడు. మూడు వందలమంది పదకొండుమంది అయిపోయారు, కిటికీలూ పోయాయి, దేశం పటం కూడా మడతపడింది. ఇంత ఒదిగిపోతూ కూడా గోడ ఆ ఒక్క జానెడు నేలని వదల్లేదు. చోటు ఉంచమన్నారు, ఉంచింది. మహాలక్ష్మికి చేతులెత్తి ఆ సున్నం రాలిన గోడకి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టింది కూడా. గుణశేఖరన్ ఎందుకో చెప్పులు విడిచి వచ్చి నిలబడ్డాడు.

"మంగళం, చెయ్యెత్తు," అంది మహాలక్ష్మి.

"ఏంది టీచరమ్మా, ఈ వయసులో! పిల్లకాయలు నవ్వుతారు."

"ఎత్తు."

యాభై ఒక్కేళ్ళ మంగళం కుడి చెయ్యి తల మీదుగా తెచ్చింది. చిన్నప్పుడు అందని భయం ఇంకా ఒంట్లో ఉందేమో, కళ్ళు మూసుకుని వేళ్ళు చాచింది. చెవి అందింది. కమ్మతో సహా గట్టిగా పట్టుకుంది. పిల్లలు నవ్వలేదు. వాళ్ళకి ఎవరూ చెప్పకుండానే అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టారు. మంగళానికి ఏడుపు ఆగలేదు.

"సర్క్యులర్‌లో వయసు ఇంతని యాడా లేదు," అన్నాడు గుణశేఖరన్, కాగితం రెండు పక్కలా తిప్పి చూసి. "పన్నెండు ఉండాల, అంతే. రాయండి మేడం."

మహాలక్ష్మి ఈ ఏటి రిజిస్టరు తీసి పన్నెండో వరసలో మంగళం పేరు రాసింది. రాస్తూ అలవాటు కొద్దీ తూర్పు గోడ వైపు చూసింది. గోడ కదల్లేదు. దాని లెక్కలో మంగళం నలభై ఆరేళ్ళ కిందటే చేరిపోయింది కదా. గుణశేఖరన్ కొలతల పుస్తకంలో పదిహేనడుగులు అని వేసి, ఎదురుగా "సరి" అని రాశాడు. తర్వాత వెనక పేజీలకి పోయి, "టేపు సాగినది" అన్న మాటల్ని వరసగా కొట్టేసి, ప్రతిదాని కిందా తన పొట్టి సంతకం పెట్టాడు. నలభై ఆరు సంతకాలు. ఆఫీసు టైము అవుతోందని అతనికి గుర్తుంది గానీ, ఒక్కటి కూడా వదల్లేదు.

"పదైదడుగులూ లెక్కకి సరి. బడి ఉంటాది," అని చెప్పి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున మంగళం ఎప్పటిలాగే తాళం తీసింది, ఊడ్చింది, పాలు పోసింది. గంట కొట్టాక మాత్రం వంటగది వైపు పోలేదు. కొంగు నడుముకి దోపుకుని తలుపు దగ్గర నిలబడింది. ఎక్కడ కూచోవాలో ఆమెకి తెలియలేదు. మహాలక్ష్మి పలక చేతికిచ్చి తూర్పు గోడ పక్కన చివర చూపించింది. ఇరవై ఆరేళ్ళుగా రోజూ తను చీపురుతో ఊడ్చిన నేలే అది. అక్కడ ఎప్పుడూ ఎవరూ కూచోగా మంగళం చూడలేదు.

ఆయా పెద్దమనిషి కదా, ఇరుకవుతుందేమోనని పిల్లలు పలకలు ఎత్తుకుని జరగబోయారు. జరగాల్సిన అవసరం రాలేదు.