మూత మూసి చేసిన పరీక్ష

షాకిర్ పెయింటు బ్రష్షుతో ప్రాసెసర్ మీది అల్యూమినియం రెక్కల మధ్య దుమ్ము దులుపుతున్నాడు. దులపడానికి అక్కడ దుమ్మేమీ లేదు. నాలుగు రోజుల కిందటే దులిపాడు, అంతకుముందు వారం కూడా దులిపాడు. చెయ్యి ఊరికే ఉంచలేక బ్రష్షు పట్టుకున్నాడు, అంతే.

యాభై ఆరేళ్ళ మనిషి. సన్నటి మెడ, చెంపల మీద రెండు రోజుల నెరిసిన గడ్డం. బగ్దాద్‌లో కంప్యూటర్ దుకాణాలన్నీ ఒకే వరసలో ఉండే ఆ వీధిలో, ముప్పై ఏళ్ళుగా అదే బల్ల ముందు అదే స్టూలు మీద కూర్చుని వీపు గూనిలా ఒంగిపోయింది. కుడి బొటనవేలి గోరు స్క్రూలు తిప్పీ తిప్పీ ఒక పక్కకి అరిగిపోయింది.

బల్లకు అవతల ఆ కంప్యూటర్ తాలూకు మనిషి నిబ్రాస్ నిలబడి ఉంది. ఇంట్లోనే కూర్చుని పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే అమ్మాయి.

"ఇది మూడోసారి ఉస్తాద్! నిన్న మధ్యాహ్నం పెళ్ళికూతురు మెట్లు దిగుతోంది, ఒక కాలు గాల్లో ఉండగా తెర బిగుసుకుపోయింది. తర్వాత దానంతటదే ఆరిపోయి, దానంతటదే లేచింది. రెండు గంటల పని పోయింది."

"కొత్త గ్రాఫిక్స్ కార్డు వేసినప్పటి నుంచేనమ్మా?" అన్నాడు షాకిర్, తెలిసే.

"వేసింది మీరేగా. పాత ప్రాసెసర్ని పారెయ్యొద్దు, ఓవర్‌క్లాక్ చేసి పరుగెత్తిస్తానన్నదీ మీరేగా. పరుగెత్తుతోంది, నడిమధ్యలో కూలబడుతోంది. మా మేనమామ గాడిదే నయం, బయల్దేరకముందే మొరాయిస్తుంది."

దుకాణం యజమాని లైస్ గట్టిగా నవ్వాడు. ఆ అమ్మాయి వీధి మలుపు తిరిగేదాకా ఆగి నవ్వు ఆపేశాడు.

"బాబాయ్, మా నాన్న ఉన్నప్పటి సంగతి వేరు. ఈ పెట్టె నాలుగోసారి గుమ్మం ఎక్కిందంటే మీరిక ఇంట్లో కూర్చోండి. కోపంతో అంటున్న మాట కాదిది."

"తెలుసులే నాయనా."

తెలుసు. కోపమైతే సాయంత్రానికి చల్లారేది.

ఇంట్లో కూర్చుంటే ఏముంది? భార్య పోయి ఆరేళ్ళయింది. కూతురు సుహా బస్రాలో ఉంటుంది, శుక్రవారాలు ఫోన్ చేస్తుంది. మిగిలిన రోజులకి ఈ స్టూలే. విదేశాలు ఆంక్షలు పెట్టిన కాలంలో దేశంలోకి కొత్త సామాను రానప్పుడు, ఉన్న ప్రాసెసర్‌కే కాస్త కరెంటు ఎక్కువ తాగించి, రెట్టింపు పని చేయించేవాడు షాకిర్. విశ్వవిద్యాలయం మాస్టార్లు కూడా చేతులు కట్టుకుని వెనక నిలబడి చూసేవారు. ఆ ఒక్క విద్యతోనే ఇంతకాలం నెట్టుకొచ్చాడు. ఇప్పుడు అదే తప్పుతోంది.

దానికి తోడు ఇంకో భయం ఉంది, ఎవరికీ చెప్పుకోనిది. వీధిలో బాంబులు పేలే రోజుల్లో, పేలిన మరుక్షణం అన్ని దుకాణాల్లోనూ ఫ్యాన్లు ఒక్కసారే ఆగిపోయేవి. ఆ నిశ్శబ్దం తర్వాతే ఏడుపులు మొదలయ్యేవి. అప్పటి నుంచి ఏ ఫ్యాను ఠక్కున ఆగినా అతను ఏడుపుల కోసం ఎదురుచూస్తాడు.

పెట్టె మూత తీసి, బల్ల మీద పడుకోబెట్టి, ప్రాసెసర్‌ని పూర్తిగా శ్రమపెట్టే పరీక్ష ఒకటి మొదలుపెట్టాడు. ఎదురుగా కూలరు తడిగాలి కొడుతోంది. వీధిలో అందరూ ఇలాగే చేస్తారు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఒక్క తప్పు లేదు.

"అత్తగారు చూడ్డానికొచ్చినట్టు ఎంత బుద్ధిగా కూర్చుందో చూడండి," అన్నాడు లైస్.

షాకిర్‌కి నవ్వు రాలేదు. కనబడే జబ్బయితే ఏదో ఒకటి చెయ్యొచ్చు. ఇది అతని కళ్ళముందు దాక్కుంటోంది. ఫోన్ తీసి నిబ్రాస్‌కి చేశాడు.

"అమ్మా, ఈ పెట్టె ఇంట్లో ఎక్కడ పెడతావు?"

"మేడ మీద రేకుల గదిలో. గోడకి ఆనించి. ఏం?"

"ఏసీ ఉందా?"

"ఏసీయా!" పకపకా నవ్వింది. "వీధి జనరేటరువాడి దగ్గర మేం కొనుక్కునేది నాలుగు ఆంపియర్ల కరెంటే. కరెంటు పోయిందంటే ఏసీ నాన్న గదికే, ఆయన ఆయాసం మనిషి. నాకు పెట్టె ఆడితే చాలు, గదిలో ఫ్యాను కూడా ఆపేసుకుంటాను."

షాకిర్ ఫోన్ పెట్టేసి కూలరు వైపు చూశాడు. మూడుసార్లూ ఈ తడిగాలిలోనే పరీక్ష పెట్టాడు. మూడుసార్లూ పాసయింది కూలరు, పెట్టె కాదు.

మూత పెట్టి నాలుగు స్క్రూలూ బిగించి, పెట్టెను చంకనెత్తుకుని దుకాణం మేడ మీది సామాన్ల గదికి బయల్దేరాడు. రేకుల కప్పు, కిటికీ లేదు, ఆగస్టు మధ్యాహ్నం.

"పైన రొట్టె కాలుతుంది బాబాయ్! ఆన్ చేసేసి కిందికి వచ్చెయ్యండి."

"వచ్చేస్తే ఎలా? అది ఆగుతుంది, మళ్ళీ లేచి ఏమీ ఎరగనట్టు మొహం పెడుతుంది. ఎంత వేడి దగ్గర ఆగిందో కళ్ళతో చూడాలి."

"అంత భయమా మీకు?"

"భయమే నాయనా."

పెట్టెను గోడకి ఆనించి, తెర తగిలించి, జనరేటరు లైను మీద పెట్టాడు. పరీక్ష మొదలుపెట్టి ఖాళీ అట్టపెట్టెల మధ్య కూర్చున్నాడు. తెర మీద ప్రాసెసర్ వేడి అంకె పెరుగుతోంది. ఎనభై. ఎనభై ఎనిమిది. తొంభై నాలుగు. నలభై ఒకటో నిమిషంలో తెర బిగుసుకుపోయింది. ఫ్యాను ఆగింది. ఆ నిశ్శబ్దానికి షాకిర్ రెండు చేతులూ చెవుల మీదికి వెళ్ళిపోయాయి.

పెట్టె మళ్ళీ లేచింది. చేతులు దించాడు. జబ్బు దొరికింది.

మందు కూడా తెలుసు. వేగం ఒక మెట్టు దించాలి. కానీ ఆ అమ్మాయికి తను గొప్పగా చెప్పిన అంకె అది. చెప్పకుండా దించితే ఎవరికీ తెలియదు. కాసేపు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. దించాడు. పెట్టెను గోడకి జానెడు ఇవతలికి జరిపాడు. పరీక్ష మళ్ళీ మొదటి నుంచి.

నలభై ఒకటో నిమిషం దాటింది. గంట దాటింది. సీసాలో నీళ్ళు అయిపోయాయి. కిందికి వెళ్ళి తెచ్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాల్లోనే ఆగితే? తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. ఫ్యాను మోత కాస్త మారినా ముందుకు వంగి అంకె చూసేవాడు.

రెండో గంట దాటాక చెమట పట్టడం ఆగిపోయింది. చల్లబడింది కాబోలు అనుకున్నాడు. కొంచెం చలిగా కూడా అనిపించింది. జేబులోంచి పెన్ను తీసి, ఒక అట్టముక్క చింపి, ఏదో రాసుకున్నాడు. అక్షరాలు ఎందుకో కుదురుగా నిలవలేదు. అట్టపెట్టెలకి వీపు ఆనించాడు. ఫ్యాను ఒకే శ్రుతిలో మోగుతోంది. పొద్దుటి నుంచి మొదటిసారి భయం వెయ్యలేదు. కాసేపు కళ్ళు మూసుకోవచ్చనిపించింది.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక లైస్ చల్లటి నీళ్ళ సీసా పట్టుకుని మెట్లెక్కాడు. వెనకే నిబ్రాస్.

"చాలు బాబాయ్, రండి కిందికి. గాడిదని తోలుకెళ్ళడానికి వచ్చిందీవిడ."

షాకిర్ కదల్లేదు. లైస్ భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత మణికట్టు పట్టుకుని నాడి వెతికాడు. చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. నీళ్ళ సీసా నేల మీద పెట్టి, పక్కనే కూలబడ్డాడు.

"ఏమైంది?" అంది నిబ్రాస్, గుమ్మం దాటకుండానే.

"నడుస్తోంది," అన్నాడు లైస్, తెర వైపు చూస్తూ. "మూడున్నర గంటలు. ఒక్క తప్పు లేదు. చూడు, నడుస్తోంది."

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మెట్ల మీద ఎవరివో అడుగులు, కేకలు. నలుగురు కలిసి షాకిర్‌ని కిందికి మోసుకెళ్ళారు. పెట్టెను ఆపాలని ఎవరికీ తోచలేదు.

దాని పక్క మూత మీద, నల్ల టేపుతో అతికించిన అట్టముక్క ఉంది. వరసలు ఒక పక్కకి జారిపోయాయి. "అమ్మా నిబ్రాస్, వేగం ఒక మెట్టు దించాను. నేను చెప్పినంత ఇది ఓర్చుకోలేదు, తప్పు నాదే. గోడకి జానెడు దూరంగా పెట్టుకో. నువ్వు కూడా ఆ గదిలో ఎక్కువసేపు కూర్చోకు." కింది మూలకి టేపు చాలలేదు. ఫ్యాను వదిలే వేడిగాలికి ఆ మూల లేస్తోంది, పడుతోంది.