ఇంటి పసుపు

ఊళ్లో నా నోటికి భయపడని ఇల్లు లేదు. జక్రాన్‌పల్లి దగ్గర మా ఊళ్లో పన్నెండేళ్లుగా ఆశా కార్యకర్తగా చేస్తున్నాను. ఎవరు బీపీ గోలీ మానేశారో, ఎవరు సూది మందు ఎగ్గొట్టారో నాకు తెలిసిపోతుంది. తెలిస్తే ఊరుకోను. అంత తెలిసిన నాకు, రెండిళ్ల అవతల మా బాపు రోజూ ఏం తాగుతున్నాడో అయిదు నెలలు తెలియలేదు.

బాపు పేరు రామ్‌దాస్. నలభై ఏళ్లుగా పసుపు పండిస్తున్నాడు. షుగరు వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయని మూడేళ్ల కింద తేలింది. రక్తపరీక్షలో, కిడ్నీలు పాడయ్యేకొద్దీ పెరిగే క్రియాటినిన్ అంకె రెండు దగ్గర ఆగింది. అక్కడే ఆపుకుంటే డయాలసిస్ లేకుండా చాలా ఏళ్లు గడపవచ్చని నిజామాబాదు డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట పట్టుకుని నేను కాపలా కూర్చున్నాను. మోకాళ్ల నొప్పికి ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీలు కిడ్నీకి చేటని మోరీలో పారేశాను. చిన్నాయన కొడుకు ప్రశాంత్ ప్రేమగా తెచ్చిన బలం పొడి డబ్బాను వాడి చేతికే ఇచ్చి పంపాను. "ఇంకోసారి గిసొంటియి ఇంట్ల కనవడాలె, అప్పుడు చెప్త" అని అమ్మ అని చూడకుండా అవ్వ మీద కూడా అరిచాను. అవ్వ తలవంచుకుని బియ్యం ఏరుకుంది.

ఉగాది తర్వాత అంకె కదిలింది. రెండున్నర అయింది, తర్వాత మూడు దాటింది, శ్రావణంలో నాలుగుకు చేరింది. పోయిన ప్రతిసారీ డాక్టరమ్మ అడిగేది, మందులు కాక ఇంకేమైనా వాడుతున్నారా అని. "ఏం లేదు మేడం, నేను చూసుకుంటున్న గదా" అని బాపు నోరు తెరిచేలోపే నేను జవాబు చెప్పేదాన్ని. నాలుగు చూశాక ఆమె, వచ్చే నెలా ఇలాగే ఉంటే డయాలసిస్ సూదులు పెట్టేందుకు వీలుగా చేతికి ఆపరేషన్ చేయించుకోవాలంది. ఆ రోజు బస్సులో బాపు తన ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని, అది తనది కానట్టు చూస్తూ కూర్చున్నాడు.

"వారానికి మూడు దినాలు మంచం మీద పండుకుంటే చేనెవ్వలు చూస్తరే?" అన్నాడు ఊరు దగ్గరపడ్డాక.

నెల గడిచింది. ఆపరేషన్ సంగతి తేల్చుకోవడానికి ముగ్గురం ఆసుపత్రికి వెళ్లి వరండాలో టోకెన్ పట్టుకుని కూర్చున్నాం. అవ్వ సంచిలోంచి చిన్న ఫ్లాస్కు తీసి, మూతలోకి వంచి బాపుకు అందించింది. చిక్కటి పసుపు నీళ్లు. పైన మిరియాల పొడి తేలుతోంది.

"గిదేందవ్వా?"

"పసుపు నీళ్లే బిడ్డా. పొద్దుగాల తాగుడు మర్సిండు."

"ఎన్ని రోజుల సంది?"

"మందు గాదే. మన చేన్ల పసుపే."

అంగడికి పంపేముందు ప్రతి ఏడూ మంచి కొమ్ములు ఏరి ఇంటికని పక్కన పెడుతుంది అవ్వ. మా ఇంట్లో పసుపు అంటని గ్లాసు లేదు, పసుపు పట్టని గోరు లేదు. ఇంట్లోకి వచ్చే ప్రతి పొడినీ పట్టుకున్నాను. ఇంట్లోనే ఉన్నది నా కంటికి ఆనలేదు.

ఫ్లాస్కు తీసుకెళ్లి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. ఆమె మూత తీసి చూసి, ఎంత, ఎన్నాళ్లుగా అని అడిగింది.

"ఎప్పుడన్న ఒకపారి మేడం. నేనే కలుపుకుంట. ఆమెకు తెల్వది" అన్నాడు బాపు. పెళ్లాం మీదికి మాట రాకుండా అబద్ధమాడుతున్నాడు.

"నిజం చెప్పండి పెద్దాయనా. ఇది జబ్బు ముదరడమా, పసుపు చేసిన పనా అన్నది నాకు తేలాలి. లేకపోతే ఆపరేషన్‌కే రాయాల్సి వస్తుంది."

అవ్వ లేచి నిలబడింది. "నేనే ఇచ్చిన డాక్టరమ్మా. రెండు పూటల, పెద్ద చెంచతోని. ఉగాది సంది. మోకాళ్లు నొస్తే రాత్రి నిద్రపోడు. గోలీలు ఈమె పారేసె. ఇంక నేనేం జెయ్యాలె?"

డాక్టరమ్మ కోప్పడలేదు. కూరలో వేసే చిటికెడుతో భయం లేదనీ, మందులా రోజూ చెంచాలకొద్దీ తాగితే అందులోని ఆక్సలేట్ అనే లవణం అప్పటికే దెబ్బతిన్న కిడ్నీల్లో పేరుకోవచ్చనీ చెప్పింది. ఇంటిదైనా కొట్టుదైనా, ఆకైనా పొడైనా తనకు చెప్పకుండా వాడొద్దంది. పసుపు నీళ్లు మాన్పించి, మోకాళ్లకు పైన రాసే మందూ మరికొన్ని పరీక్షలూ రాసింది. ఆపరేషన్ మాట పదిహేను రోజులు ఆపింది.

బయటికి రాగానే నా నోరు లేచింది. "నాకొక్క మాట చెప్తే ఏం పోతుండెనవ్వా?"

అవ్వ నా వైపు చూడలేదు. "చెప్తె గది గూడ పారేస్తవనుకున్న" అంది.

గోలీలు పారేసిన రోజు నేను మోకాళ్ల నొప్పిని పారేయలేదు. అది బాపు దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఏం చేయాలో అవ్వకు చెప్పకుండా వదిలేశాను.

ఆపరేషన్ తప్పింది, ఇప్పటికైతే. అంకె మూడుకు దిగి అక్కడ నిలబడింది. రెండుకు ఇక రాకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. పోయింది పోయినట్టే. ఆ పోయినదాంట్లో నా వాటా ఉంది.

నిన్న అవ్వ మా గడపలోకి వచ్చి నిలబడింది. కొంగులో ఏదో మూట కట్టుకుని ఉంది. "పక్కింటి ఈరవ్వ తిప్పతీగ ఇచ్చింది. కాళ్ల వాపులకు మంచిదంట. నేనైతే ఇయ్యలే" అంది. లోపలికి రాలేదు. "తిట్టవు గదా బిడ్డా?"

కన్నతల్లి నన్ను అలా అడుగుతుంటే తల కొట్టేసినట్టయింది. చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను.

"తిట్టనవ్వా. మందుల సంచిల వెయ్. డాక్టరమ్మను అడుగుదాం" అన్నాను.