ఎవరికీ చెప్పొద్దన్నది

అయినా గుండె ఇట్లా ఎందుకు కొట్టుకోవాలి? ఆమె తనకు చుట్టం కాదు, తన చర్చికి వచ్చే మనిషీ కాదు. పొద్దున్నే టీవీలో కనిపించి నాలుగు మాటలు మాట్లాడే మనిషి. నిన్నటితో మాట్లాడటం మానేసింది. మానేస్తే తనకేం? చాయ్ చల్లారుతోంది, తాగాలి. కానీ గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది, అది ముసలితనపు వణుకు కాదని తీతుకు తెలుసు. ముసలితనపు వణుకు బద్ధకంగా వచ్చి, బద్ధకంగా పోతుంది. ఇది వేరు. తను పనిచేసిన గనిలో, ఇక్కడివాళ్ల మాటలో బావిలో, బొగ్గు పేల్చే ముందు ఈల వేస్తారు. అందరూ పక్క సందులోకి తప్పుకుంటారు. ఈలకూ చప్పుడుకూ మధ్య ఒంట్లో ఒకటి పుడుతుంది. ఇది అదే. దాన్ని భయం అనలేం. సంతోషం అందామా అంటే, అది మరీ తప్పు. ఒక మనిషి మునిగిపోయానని చెప్పుకుంటే సంతోషించే గుణం తనలో ఉందా?

ఉందేమో. చెప్పులో గుచ్చుకున్న రాయిని తీసి వెలుతురుకు పట్టి చూసినట్టు తీతు ఆ ఆలోచనను అటూ ఇటూ తిప్పి చూశాడు. పారేయబుద్ధి కాలేదు.

దస్తగిర్ హోటల్ ఆ పొద్దున తీర్థంలా ఉంది. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు ఇళ్లకు పోవడం మరిచిపోయారు. ప్రతి చేతిలో ఫోను, ప్రతి ఫోనులో అదే ముఖం, అదే గొంతు. ఒకరి ఫోనులో ఆమె మాట మొదలయ్యేలోపు ఇంకొకరి ఫోనులో అయిపోతోంది.

ఉదయ అంటే తెలుగువాళ్లలో తెలియని ఇల్లుండదు. ఇరవై ఏళ్లకు పైగా ఆమె పొద్దుటి కార్యక్రమం నడిచింది. కానీ గోదావరిఖనికి ఆమె ఉదయ కాదు. గనిలో టబ్బులకు బొగ్గు నింపిన కోల్‌ఫిల్లర్ లింగమూర్తి చిన్నబిడ్డ ఓదెమ్మ. టీవీ వాళ్లు పేరు మార్చారు గాని పలకరింపు మార్చలేకపోయారు. "లేచిండ్రా అందరు?" అని అడిగేది కార్యక్రమం మొదట్లో. హైదరాబాదులో ముందు నవ్వారట, తర్వాత అలవాటు పడ్డారట. తీతు ఎన్నడూ నవ్వలేదు. చర్చి వెనక ఒంటి గదిలో మంచం మీద కూర్చుని "లేచిన బిడ్డా" అనేవాడు. భార్య సాయమ్మ పోయాక ఆ గదిలో ఆయన పలికే మొదటి మాట అదే. కొన్ని రోజులైతే ఆఖరి మాట కూడా.

నిన్న ఆమె అదే పలకరింపుతో మొదలుపెట్టి, ఇక రేపటి నుంచి పలకరించనని చెప్పింది. సొంతంగా ఛానల్ పెట్టబోయి, తన పేరు మీద అప్పులు తెచ్చి, అది నడవక మునిగిపోయిందట. ఇప్పుడున్న చోట ఇంకా పదేళ్లు చేయగలదు. ముందే తప్పుకుంటే ఒక్కసారిగా కొంత మొత్తం చేతికొస్తుంది. దాంతో అప్పులవాళ్లకు మొహం చూపించుకోవచ్చు. అంతా తాపీగా, ఎవరి ఇంటి సంగతో చెప్తున్నట్టు చెప్పింది. కళ్లనీళ్లు పెట్టుకోలేదు. చివర్న మాత్రం కెమెరా వైపు కొంచెం వంగి, "అప్పులైనయి. అందుకే పోతున్న. వేరే కారణమేం లేదు" అంది.

ఆ మాట దగ్గరే తీతు మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తెలియదు. అప్పటి నుంచి ఒంట్లో ఆ వణుకు.

హోటల్లో తలా ఒక మాట అంటున్నారు. ఆమెను ఎవరో ముంచారని ఒకరు, ఆమె చేతులారా చేసుకుందని ఒకరు. తను ఆమెతో ఒకే బడిలో చదివానని ఒకాయన చెప్తే, నువ్వు బడికి పోయిందెప్పుడని పక్కవాడు అడిగాడు. కూరగాయలమ్మే సారవ్వ గంప దించి, ఊరందరి కళ్లు పడి పిల్ల నాశనమైందని తేల్చింది. తర్వాత ఆమెకో అనుమానం వచ్చింది. గనిలో పనికి చాలడని డాక్టర్లు రాస్తే, ఆ మనిషి కొడుకో కూతురో ఆ కొలువులోకి రావడం ఇక్కడ ప్రతి గడపకూ తెలిసిన సంగతి.

"అయితె ఆమెకు బిడ్డ ఉన్నదా? రేపటి సంది బిడ్డ మాట్లాడతదా టీవీల?"

"టీవీల డిపెండెంటు నౌకరి ఉండదే అవ్వా," అన్నాడు మొగిలి. గని పైకప్పు కూలకుండా సపోర్టు పెట్టే పనిలో ఉన్నవాడు, నోరు ఊరుకోనివాడు. "ఉంటె మీసాలు తీసేసి నేనే పోయి కూసుందును."

"నీ మొకం పొద్దుగాల్ల సూస్తె పాలు విరుగుతయి," అంది సారవ్వ.

హోటలంతా నవ్వింది. కానీ నవ్వు ఆగాక ఇద్దరు ముగ్గురు నిజంగానే వాదులాటకు దిగారు. ఇరవై ఏళ్లు చేసిన మనిషికి ఆ మాత్రం హక్కు ఉండదా, ఆమె అడగాల్సిందని.

అప్పుడు పూలమ్మ వచ్చింది. ఓదెమ్మ అక్క. రెండు సందుల అవతల జాకెట్లు కుడుతుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, రెండు పాల ప్యాకెట్లు ఎక్కువ కావాలని దస్తగిర్‌ను అడిగింది. దస్తగిర్ ప్యాకెట్లు ఇవ్వకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"ఎవరన్న వస్తున్నరా అక్కా?"

పూలమ్మ ఆపుకోవాలనే చూసింది. ఆగలేదు.

"ఓదెమ్మ వస్తుంది. సాయంత్రం బండికి. ఎవరికీ చెప్పొద్దన్నది."

ముప్పై మంది విన్నారు. బెంచీలు కిర్రుమన్నాయి. అందరూ ఒకేసారి లేచారు, అందరూ ఒకేసారి మాట్లాడారు. మొగిలి అప్పటికే డప్పుల వాళ్లకు ఫోను కలుపుతున్నాడు. ఒకరు పూలదండలన్నారు, ఒకరు శాలువా అన్నారు. రిటైరైన మనిషిని ఎట్లా ఇంటికి తెచ్చుకోవాలో ఈ ఊరికి ఒకరు నేర్పక్కర్లేదు. గని గేటు నుంచి ఇంటి గడప దాకా డప్పులు కొట్టుకుంటూ, దండలు వేసి నడిపించుకొస్తారు. ఆ రోజు ఆ మనిషి చేతిలో ఏదీ ఉండకూడదు. టిఫిన్ డబ్బా ఒకరు మోస్తారు, టోపీ ఒకరు, బూట్లు ఒకరు. దారి పొడుగునా దండాలు పెట్టాలి గదా, చేతులు ఖాళీగా ఉండాలి.



పూలమ్మ మొహం చూసి మొదట తగ్గినవాడు దస్తగిర్. ఆమె కళ్లనిండా నీళ్లున్నాయి. "దాని మొకం సూడాలంటె నాకే భయమైతుంది," అందామె. "తల ఎత్తుకోలేక వస్తుంది. మీరు డప్పులు కొడితె అది సచ్చిపోతది." మొగిలి ఫోను చెవి దగ్గర నుంచి దించాడు. నిజమే కదా అన్నాడు. నిండా పనిచేసి దిగినవాళ్లకు కొడతాం గాని, మునిగి వచ్చేవాళ్లకు కొడితే ఎక్కిరించినట్టు ఉండదా? ఒకరొకరుగా కూర్చున్నారు. ఆమె అడిగింది ఒక్కటే, చెప్పొద్దని. మర్యాదగా ఆ మాట నిలబెడదాం అనుకున్నారు. దస్తగిర్ టీవీ గొంతు తగ్గించాడు.

వాళ్లంతా మంచివాళ్లు. అదే తీతుకు భయం పుట్టించింది. ఆ రోజు కూడా అందరూ మంచివాళ్లే.

ఇరవై ఏళ్లు దాటింది. ముందే తప్పుకునేవాళ్లకు ఒక్కసారిగా డబ్బిచ్చే పద్ధతి వచ్చినప్పుడు తీతు తప్పుకున్నాడు. సాయమ్మను దవాఖానల చుట్టూ తిప్పడానికి చేసిన అప్పులు తీర్చాలి. కళ్లు ఆనడం లేదని అందరికీ చెప్పాడు. ఏమీ చేయొద్దని, ఎవరికీ తెలియనీయొద్దని బతిమాలాడు. బూట్లు, టోపీ, డబ్బా సిమెంటు సంచిలో వేసుకుని గేటు నుంచి ఒక్కడే నడిచొచ్చాడు. దారిలో ఎదురైనవాళ్లు మర్యాదగా చూపు తిప్పుకున్నారు. ఒకతను చెప్పు తెగకపోయినా వంగి చెప్పు సర్దుకున్నాడు. ఆ సంచి బరువు చేతి వేళ్లలో ఇప్పటికీ ఉంది. ఆ అబద్ధం నిలవాలని పదేళ్లు అక్కర్లేని కళ్లజోడు పెట్టుకున్నాడు. తర్వాత కళ్లు నిజంగానే ఆనకుండా పోతే, ఒక రకంగా ఊపిరి పీల్చుకున్నాడు.

నిన్న తనకు కలిగింది ఆమె పడిపోయిందన్న సంతోషం కాదు. ఇప్పుడు తెలిసింది. తన గొంతులో ఇన్నేళ్లు అడ్డం పడి ఉన్న మాటను ఆమె రాష్ట్రం మొత్తం ముందు అలవోకగా అనేసింది. ఆ మాట అన్న మనిషే ఇవాళ సాయంత్రం సంచి పట్టుకుని, గోడ వారగా, తనలాగే నడిచిపోబోతోంది. అది జరగనీయకూడదు. అనుకోవడం తేలికే. నోరు తెరవాలి.

తీతు గ్లాసు బల్ల మీద పెట్టాడు. చప్పుడు గట్టిగా వచ్చింది.

"డప్పులు చెప్పుండ్రి," అన్నాడు.

ఆయన గొంతు వినడం అరుదు. అందరూ తిరిగారు.

"ఎవరికీ చెప్పొద్దన్నదట గద కాకా," అన్నాడు మొగిలి.

"నేను కూడ గట్లనే అన్న. ఎవరికీ చెప్పకుండ్రి అన్న. అందరు నా మాట విన్నరు."

మొగిలికి అర్థం కాలేదు. "నీది వేరు గద. నీకు కండ్లు ఆనకనే గదా..."

"కండ్లు మంచిగనే ఉండె. అప్పులుండె."

చెప్పేశాడు. ఏదో కూలుతుందనుకున్నాడు. ఏమీ కూలలేదు. పొయ్యి మీద చాయ్ పొంగింది, దస్తగిర్ మంట తగ్గించడం మరిచి ఆయన్నే చూస్తున్నాడు. సారవ్వ "తీతన్నా" అని మాత్రం అని, కొంగుతో ముక్కు తుడుచుకుంది. పూలమ్మ ఆయన వైపు చూసి, "కొట్టుండ్రి. తిట్లేమన్న ఉంటె నేను తింట," అంది.

ఇక ఆగలేదు ఊరు. సాయంత్రానికి ఆ సంగతి కాలనీలన్నీ తిరిగి, మందమర్రి దాకా పోయి, అక్కడి నుంచి కూడా నలుగురు బండ్ల మీద దిగారు. చౌరస్తాలో నిలబడటానికి చోటు లేదు. కొందరు నిజంగా ప్రేమతో వచ్చారు, కొందరు మునిగిన మనిషి ఎట్లా ఉంటుందో చూద్దామని వచ్చారు. చాలామందికి తాము ఎందుకొచ్చారో తెలియదు. తీతు కరెంటు స్తంభానికి ఆనుకుని వెనక నిలబడ్డాడు. వెనక నిలబడటం ఆయనకు అలవాటు. ఈ గుంపంతా తన ఒక్క మాటతో లేచిందన్న సంగతి తలుచుకుంటే కాళ్లు తేలికై భూమి మీద ఆనడం లేదు.

స్టేషన్ నుంచి వచ్చిన ఆటో గుంపును చూసి ఆగింది. ఓదెమ్మ దిగింది. టీవీలో కంటే చిన్న మనిషి. జుట్టు నెరిసింది, రంగు వేయలేదు. కుడిచేతిలో ఉబ్బిన రెగ్జిన్ సంచి. డప్పు మొదటి దెబ్బకు ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. మొహం తెల్లబోయింది. ఆటో రాడ్ పట్టుకుని మళ్లీ ఎక్కబోయింది. డప్పులు తడబడ్డాయి. పూలమ్మ ముందుకు రాలేక, వెనక్కి పోలేక చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడిపోయింది.

అప్పుడు మొగిలి గొంతు చించుకుని అరిచాడు.

"లేచిండ్రా అందరు?"

సాయంత్రం ఆరింటికి, ఎండ తగ్గిన చౌరస్తాలో, వందల గొంతులు ఒక్కటిగా "లేచినం" అన్నాయి. తీతు పెదవులు కూడా కదిలాయి. ఓదెమ్మ ఆటో రాడ్ వదిలింది. నవ్వబోయింది, నవ్వు మధ్యలో విరిగి ఏడుపైంది, ఏడుపులోంచి మళ్లీ నవ్వొచ్చింది. డప్పులు పుంజుకున్నాయి. సారవ్వ పిడికెడు ఎండుమిర్చితో దిష్టి తీసింది. ఒక దండ, దాని మీద ఇంకో దండ, శాలువా. కుర్రవాళ్లు మోకాళ్లెత్తి ఆడుతున్నారు, ఆడవాళ్లు బంతిపూల రెక్కలు విసురుతున్నారు, దస్తగిర్ తెచ్చిన మిఠాయి పెట్టె ఆయన కదలకుండానే ఖాళీ అయిపోయింది.

తీతు మాత్రం ఆమె చేతినే చూస్తున్నాడు.

అంతమంది ఉన్నారు, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఆమె సంచి ఎవరూ అందుకోలేదు. దండం పెట్టబోతే సంచి మణికట్టు మీదికి జారి ఆమెను ఒక పక్కకు లాగుతోంది. సగం దండమే అవుతోంది. మళ్లీ పట్టు సరిచేసుకుంటోంది. వేలి కణుపులు తెల్లగా ఉన్నాయి. ఎవరన్నా చూస్తారనుకున్నాడు తీతు. మొగిలి చూస్తాడేమో. పూలమ్మ చూస్తుందేమో. చెప్పొచ్చు, "ఆ సంచి పట్టుకో" అని పక్కవాడికి చెప్పొచ్చు. ఈ ముసలాయనెవరని ఆమె అనుకుంటుందేమో. ఫోన్లన్నింటిలో తన మొహం పడుతుంది. పదేళ్ల కళ్లజోడు వెనక దాచిన మొహం.

స్తంభం చల్లగా ఉంది. దాన్ని వదిలాడు.

గుంపులోంచి దారి చేసుకోవడం కష్టం కాలేదు. పొద్దుటి మాట అందరికీ చేరినట్టుంది, ఎవరో ఒకరు తప్పుకుని "రా కాకా" అన్నారు. ఆమె ముందుకు వచ్చాడు. ఓదెమ్మ తడి కళ్లతో ఆయన్ను చూసింది, గుర్తుపట్టలేదు. ఎట్లా పడుతుంది? ఇన్నేళ్లు ఆయనే ఆమెను చూశాడు. చెయ్యి చాచగానే ఆమె వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి, అదొక్కటీ పోనివ్వనన్నట్టు. తీతు లాగలేదు. సంచి అడుగున అరచెయ్యి పెట్టి బరువు మాత్రం ఎత్తి పట్టుకున్నాడు, డప్పుల చప్పుడులో, ఆ వేళ్లు ఒక్కొక్కటిగా విడిపోయేదాకా. తర్వాత, ఒకప్పుడు బావిలో దుంగలు మోసినట్టు, దాన్ని భుజానికి ఎత్తుకున్నాడు.