అమ్మ నూరిన గుళికలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మేం నేతపనికి వలస వచ్చిన ఉధ్నాలో మా గల్లీ అంతటికీ ఆ సంగతి తెలుసు. మా నాన్న రాజమల్లుకు ఇంకా బాగా తెలుసు.

నేను కడోదరా దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాను. అక్కడ తయారయ్యే క్యాప్సూల్‌లో ఆవగింజలంత గుళికలుంటాయి. వాటి మీద ఒక పూత. పొట్టలో యాసిడ్ తగిలినంతసేపూ ఆ పూత గట్టిగా ఉండాలి, పేగులోకి దిగాక కరిగి, మందును వదలాలి. పూత లేకపోతే మందు పొట్టలోనే పాడైపోతుంది. రోజూ గుళికలను రెండు గంటలు యాసిడ్ నీళ్లలో తిప్పి, కరగలేదని సంతకం పెట్టడం నా పని.

నాన్న ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ సాంచాల ముందు నిలబడ్డాడు. నడుము నొప్పికి గోలీలు మింగీ మింగీ కడుపులో పుండు చేసుకున్నాడు. డాక్టర్ రాసింది ఆ క్యాప్సూళ్లే. గొంతు దిగడం లేదని నాన్న మొదటిరోజే అన్నాడు.

"చిన్నపిల్లగానివా? మింగు," అని కసిరి డ్యూటీకి పోయాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. దిగుతున్నాయనుకున్నాను. నెల తిరక్కుండానే నెత్తురు కక్కుకుని పోయాడు.

పదకొండో రోజు అయ్యాక మా అమ్మ స్వరాజ్యం కల్వం కడుగుతూ అసలు సంగతి చెప్పింది. నేను కోప్పడతానని ఇద్దరూ దాచారట. రోజూ క్యాప్సూల్ విప్పి, గుళికలు నూరి, నీళ్లలో కలిపి తాగించిందట. అమ్మ ఒకప్పుడు మగ్గం మీది పడుగు పోగులకు పట్టించే గంజి కాచేది. ఉండ ఉంటే పోగు తెగుతుందని పిండిని ఎంతో మెత్తగా చేసేది.

"ఒక్క పలుకు గూడ లేకుంట నూరిన బిడ్డా. మంచిగనే ఇచ్చిన్నా?"

మంచిగనే ఇచ్చావన్నాను. కోపమంతా నా మీదే వచ్చింది.

అమ్మ కళ్లు తుడుచుకుని, మిగిలిన స్ట్రిప్పు కొంగున ముడేసుకుంది. పక్క గదిలో ఉండే మొండయ్యకూ కడుపులో మంటేనట, ఆయనా మింగలేడట. ఆయన భార్యకు నూరడం నేర్పి వస్తానని లేచింది.

చెయ్యి పట్టుకుని ఆపాను. "ఇవి నూరొద్దమ్మా. నూరితే పనిచెయ్యయి."

అమ్మ నా వైపు తిరిగింది.

"మరి మీ నాయినకు?"

తలదించుకున్నాను. అమ్మ ముడి విప్పి స్ట్రిప్పు నా చేతిలో పెట్టింది. కూర్చుని, కడిగిన కల్వాన్నే మళ్లీ కడగసాగింది.