కుండ మీద బొగ్గుగీత

శనివారం సాయంత్రం మిషన్ కమిటీ పెద్ద దావీదురాజు గారు ఎర్రగుంట్లలో రైలు దిగి, జట్కాలో కాంపౌండుకు చేరేలోపు, అక్కడి పిల్లలకు పియానో నేర్పే జ్ఞానరాజు చేయవలసిన పనులు ఇవి. పియానో మెట్లు పొడిగుడ్డతో తుడవాలి. శిష్యురాలు విశ్వాసమ్మ చేత పాఠం నాలుగుసార్లు వాయించాలి. వడగాలి రాకుండా హాలు కిటికీలు మూయించాలి. తెల్లకోటుకు ఊడిన బొత్తాం కుట్టుకోవాలి. ఇవన్నీ ఒక ఎత్తు, నీళ్ళదొంగను పట్టుకోవడం ఒక ఎత్తు.

మిగతావన్నీ కాగితం మీద రాసుకున్నాడు గానీ ఈ చివరిది రాయలేదు. కాగితం ఎవరి కంటనైనా పడవచ్చు.

యాభైరెండో సంవత్సరం ఏప్రిల్ నెల. వానలు లేక అది మూడో ఏడు. ఊళ్ళో గంజి కేంద్రం పెట్టారు. కాంపౌండు బావిలో నీళ్ళు అడుగంటితే, అరమైలు అవతలి వంకలో చెలమల నుంచి మోసుకొస్తున్నారు. మనిషికి రోజుకు రెండు బిందెలని హాస్టల్ మేట్రన్ రాహేలమ్మ లెక్క పెట్టింది. పియానోకు కూడా రోజుకు ఒక చెంబు ఉంది.

కొత్తవాళ్ళు నవ్వేవారు గానీ అది వెనకటి దొరసానమ్మ పెట్టిపోయిన పద్ధతి. ఈ ఎండకు పియానో లోపలి చెక్క బీటలు వారుతుంది. అందుకని కింది పలక తీసి, లోపల ఒక మట్టికుండలో నీళ్ళు పెట్టాలి. ఆ చెమ్మకు చెక్క బతుకుతుంది. పన్నెండేళ్ళుగా ఆ పని ఊడ్చే మనిషి హులిగెమ్మది. ఆదోని వైపు నుంచి కూలికి వచ్చి, మొగుడు పోయాక ఇక్కడే ఉండిపోయింది. క్రైస్తవుల కాంపౌండులో ఇంత బొట్టు పెట్టుకుని తిరిగే మనిషి ఆమె ఒక్కతే. జ్ఞానరాజు అనుమానానికి ఆ బొట్టు కూడా కొంత సాయం చేసింది.

జ్ఞానరాజుకు నలభై ఎనిమిదేళ్ళు. సన్నగా, కాస్త ముందుకు వంగి నడుస్తాడు. వేళ్ళు మాత్రం పొట్టిగా, మొద్దుగా ఉంటాయి. పత్తికొండ పక్క పల్లెలో వేరుశెనక్కాయలు ఒలిచి బతికిన కూలివాళ్ళ బిడ్డ. ఆ వేళ్ళను చూసి నవ్విన దొరసానమ్మే వాటికి పియానో నేర్పింది. అతనికి పంతొమ్మిదో ఏట ఆమె కళ్ళజోడు పోయింది. అందరి ముందూ అతని మూట విప్పించి వెతికారు. రెండేళ్ళ తరువాత పియానో బాగుచేయడానికి వచ్చినవాడు లోపలి నుంచి ఆ కళ్ళజోడు తీసి ఇచ్చాడు. తప్పయిందని అతనితో ఎవరూ అనలేదు. పోయిన వస్తువు పియానో పెట్టెలోనే ఉండవచ్చన్న సంగతి అతను మరిచిపోయాడు. తాళంచెవి ఉన్నవాడి మూటను ఎవరూ విప్పరన్నది మాత్రం మరిచిపోలేదు. ఇప్పుడు అతని మొలతాడుకు మూడు తాళంచెవులు వేలాడుతున్నాయి. ఒకటి పియానో మూతది, ఒకటి ట్రంకుపెట్టెది. మూడోది నిన్నటిది.

పదిరోజుల కిందట కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. పియానో బీట వారి ఉంటే బెంగళూరు వర్తకుడికి అమ్మేస్తామనీ, స్వయంగా విని చూస్తామనీ రాశారు. పియానో పోతే పియానో అయివారు ఎందుకు? ఆ రాత్రి అతనికి వేరుశెనగ పొట్టు వాసన ముక్కుకు తగిలినట్లయింది. మరునాడు, పన్నెండేళ్ళలో మొదటిసారి, తానే వంగి కింది పలక తీశాడు. కుండ సగమే ఉంది.

అప్పటి నుంచి కాపు కాశాడు. పొద్దున నీళ్ళు ఉన్నంత మేర కుండకు బొగ్గుతో గీత గీశాడు. మధ్యాహ్నానికి రెండు వేళ్ళు తగ్గాయి. భోజనం చేసి వచ్చి చూస్తే మళ్ళీ గీత దాకా ఉన్నాయి! ఓహో, తాగేది తాగి, దొరక్కుండా మురికినీళ్ళు పోస్తోందన్నమాట. గురువారం రాహేలమ్మతో చెప్పి హులిగెమ్మను హాల్లోకి రాకుండా చేయించాడు. శుక్రవారం తానే కుండ నింపి, పలకకు కొత్త తాళం వేశాడు.

ఈ ఉదయం తాళం తీశాడు. నీళ్ళు గీతకు మూడు వేళ్ళ కింద ఉన్నాయి. తాళం మాత్రం వేసినట్లే ఉంది.

"మారుతాళం చేయించినాదా ముసల్ది," అనుకున్నాడు. ఆ తెలివికి ఒక్క క్షణం అతనికే ముచ్చటేసింది.

తొమ్మిదింటికి విశ్వాసమ్మ పాఠానికి వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల. జ్ఞానరాజు ఆమె రెండు చేతుల మీద చెరొక చింతపిక్క పెట్టాడు. మణికట్టు వంగితే పిక్క జారుతుంది, పాఠం మొదటికి వస్తుంది. పాఠం అయ్యాక పిక్కలు లెక్కపెట్టుకుని డబ్బాలో వేస్తాడు. కరువు రోజులు, పిల్లలు వేయించుకుని తింటారని భయం. ఆ రోజు పిక్క మూడుసార్లు జారింది.

"తలుపు దిక్కు ఏం జూస్తాండావు?"

"ఏంలేదు సార్. హులిగెమ్మవ్వ పోతాదంట."

"నీకెవరు జెప్పిరి? నీకూ దానికీ ఏం మాటలు?"

పిల్ల మళ్ళీ వాయించడం మొదలుపెట్టింది. నాలుగో వరసలో పెట్టె లోపల ఎక్కడో 'టప్' మంది. ఎండిన కాయ పగిలినంత చిన్న చప్పుడు. జ్ఞానరాజు పాఠం ఆపించాడు. దీపం వెలిగించి చెక్కంతా వెతికాడు. బీట కనిపించలేదు. కనిపించకపోయేసరికి ఇంకా భయం వేసింది. అక్కడి నుంచి నేరుగా గేటు దగ్గరికి నడిచాడు.

హులిగెమ్మ వేపచెట్టు కింద మూట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. రాహేలమ్మ పక్కన నిలబడి ఉంది.

"మూట విప్పమనండమ్మా. తాళంచెవి దాంట్లోనే ఉంటాది," అన్నాడు జ్ఞానరాజు.

"నీ నడుముకుండే తాళాలు జూస్తే జైలు వార్డరు గూడ సిగ్గుపడతాడు సారూ," అంది రాహేలమ్మ. "ఆ ముసల్దాని మూటలో ఏముంటాది?"

"విప్పమనండి."

హులిగెమ్మే విప్పింది. ఒక చీర, చెక్క దువ్వెన, కుంకుమ డబ్బా, ఉతికి మడిచిన ఒక పాత గుడ్డ. ఆ గుడ్డ తీసి అతని చేతికిచ్చింది.

"ఇది మీ పెట్టె తుడిసేది. మరిసిపోయి మూటలో ఏసుకుంటి. తీసుకో అయివారూ."

"నీళ్ళు యాడ పోతాండాయి? అది జెప్పు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. కోపం లేదు. పిల్లవాడికి తెలియాల్సినది తెలియనప్పుడు చూసే చూపు అది.

"కుండ తాగుతాది. గాలి తాగుతాది. మిగిలింది పెట్టె తాగుతాది. నేను తాగలేదప్పా." మూట ముడి వేసుకుంది. "పొద్దున్నే ఒక తూరి పోస్తే సాలదు. ఈ ఎండకు మూడు తూర్లు పొయ్యల్ల. పోతాండా అమ్మా. గనుల కాడ నీళ్ళు మోసే పనుండాదంట, దుడ్లు ఆడనే ఇస్తారంట."

ఎర్రగుంట్ల నాపరాళ్ళ గనుల వైపు ఎండలో నడిచిపోయింది. జ్ఞానరాజు నమ్మలేదు. దొంగలకే మాటలు బాగా వస్తాయి అనుకున్నాడు.

హాలుకు వెళ్ళి కిటికీలు మూయించాడు. కుండను గీత దాకా నింపి, ఈసారి తాళం వేయకుండా, పలక తీసిపెట్టి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కోటు బొత్తాం కుట్టుకుంటూ రెప్ప వేయకుండా కాపు కాశాడు. ఎవరూ రాలేదు. పిల్లి కూడా రాలేదు. రెండు గంటలు గడిచాయి. కుండ ఒంటి మీద చెమట పట్టి, ఆరి, మళ్ళీ పట్టింది. మూడున్నరకు వేలు పెట్టి చూశాడు. నీళ్ళు గీతకు వేలెడు కింద ఉన్నాయి. మట్టికుండలో నీళ్ళు పెట్టుకు తాగే ఇంట్లో పుట్టినవాడికి ఇది ఒకరు చెప్పాలా? అయినా పదిరోజులుగా అతను కుండను చూడలేదు. దొంగనే చూశాడు.

విశ్వాసమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"సార్, రోజుకు ఒక చెంబేగదా పెట్టెకు. మిగిలిన రెండు తూర్లూ అవ్వ తన బిందెలోది పోస్తాండె. అడిగితే, పెట్టెకు నోరు లేదు గదమ్మీ అనేది."

"ముందే ఎందుకు జెప్పలేదు?"

"మీరు నన్నూ అనుమానిస్తారని."

ఐదు దాటాక దావీదురాజు గారు వచ్చారు. తెల్లటి లావుపాటి మనిషి, దుమ్ముకు దగ్గుతూ కూర్చున్నారు. విశ్వాసమ్మ వాయించింది. పిక్కలు లేకపోయినా మణికట్టు వంగలేదు. తరువాత ఆయనే లేచి మెట్లన్నీ ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటొకటిగా నొక్కి చూశారు. చెక్కకు చెవి ఆనించి విన్నారు. జ్ఞానరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆశ్చర్యం! కర్నూలులో మనది ఎప్పుడో బీటలు వారి పోయింది. దీన్ని ఎవరయ్యా ఇంత బాగా చూసుకుంటున్నది?"

రాహేలమ్మ జ్ఞానరాజు వైపు చూసింది. విశ్వాసమ్మ కూడా చూసింది. హులిగెమ్మ పేరు నాలుక దాకా వచ్చింది.

"నేనేనండి," అన్నాడు.

"మంచిది. పియానో ఇక్కడే ఉంటుంది. మీరూ ఉంటారు."

మరునాటి నుంచి జ్ఞానరాజే రోజుకు మూడుసార్లు కుండ నింపాడు. రెండుసార్లు తన బిందెలోని నీళ్ళే పోశాడు. గనులకు వెళ్ళి ఆమెను పిలుచుకురావాలని ప్రతి శనివారం అనుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియక ప్రతి శనివారం ఆగిపోయాడు. మే నెలాఖరున బండితోలే సుబ్బయ్య గేటు దగ్గర ఆగి, పొగాకు నలుపుకుంటూ, మాటల్లో మాటగా చెప్పాడు: "మీ ఆదోని ముసల్దుండె గదా సారూ, గనులకాడ ఎండదెబ్బ తగిలి పోయినాది. తలమింద బిందె గూడ దించుకోకుండానే కూలిపోయినాదంట పాపం." ఎప్పుడని జ్ఞానరాజు అడిగాడు. పదిరోజులైందని సుబ్బయ్య చెప్పాడు. ఆ రోజు పాఠానికి వచ్చిన పిల్లలకు అతను చింతపిక్కలు పెట్టడం మరిచిపోయాడు. లెక్కపెట్టడం ఆ తరువాత మానేశాడు.

పియానో చాలా ఏళ్ళు నిలిచింది. అది విన్నవాళ్ళంతా జ్ఞానరాజు అయివారిని పొగిడారు. చదివిన మీరైనా ఆ పక్కన హులిగెమ్మ అనే పేరును ఒకసారి తలుచుకోండి, ఆమె గుర్తు ఇంకెక్కడా లేదు. పియానో కింద, పలక వెనుక చీకట్లో, ఒంటికి చెమట పట్టిన మట్టికుండ ఒకటి ఉంది. దాని మీద అతను గీసిన బొగ్గుగీత ఎన్నిసార్లు తడి తగిలినా ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు.