నాలుగు థౌల సందు

పెళ్లయిన ఏడాదికే పెళ్లాం ముఖం మరిచిపోతానేమోనని భయపడే మొగుణ్ణి ఎవరైనా చూశారా? వరంగల్‌లో లారీ ఇంజిన్లు కట్టే కృపానందాన్ని చూస్తే సరిపోయేది. పెళ్లయిన రెండో నెలలోనే అతని భార్య ఎస్తేరుకు ఏటూరునాగారం దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చింది. అప్పట్నుంచీ అతనికి అన్నం సయించదు, నిద్ర పట్టదు. చేతిలో పానా మాత్రం తప్పదు.

1963 ఎండాకాలంలో కలప కాంట్రాక్టరు రాజేశ్వర్ రావు తన పాత మిలిటరీ లారీ ఇంజిన్ అతనికి అప్పగించాడు. దుంగల లోడుతో అడవిదారి ఎక్కాలి, నూరు గుర్రాల బలం కావాలి అన్నాడు. కృపానందం ఇనుప పిస్టన్లు పక్కన పడేసి, బొంబాయి నుంచి తేలికైన అల్యూమినియం పిస్టన్లు తెప్పించాడు. చిక్కల్లా పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య ఎంత సందు వదలాలన్నదే. అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. ఎనిమిది వదిలితే బండి ఆ రోజే లోడుతో ఉరుకుతుంది, ఏడాదికల్లా ఆయిలు తాగి పొగ కక్కుతుంది. నాలుగు వదిలితే పదేళ్లు ఢోకా లేదు. కాకపోతే ముందు ఐదువందల మైళ్లు ఖాళీగా, ఇరవై వేగం దాటకుండా నడపాలి.

"నాలుగే పెడత దొరా. ఏటూరునాగారం దాక నాలుగుసార్లు ఖాళీగ పోయొస్తే ఇంజిన్ కుదురుకుంటది. నేను ఎంబడుంట," అన్నాడు కృపానందం.

"ఇంజిన్ కోసమా, పెండ్లాం కోసమా?" అని నవ్వాడు రాజేశ్వర్ రావు.

"రెంటికీ దొరా."

జూన్‌లో ఒక శుక్రవారం లారీ బయల్దేరాల్సిన పొద్దునే, కొత్త ఇంజిన్‌తో వస్తున్నానని తను రాసినదానికి జవాబుగా, బస్సు డ్రైవరు ఎస్తేరు చీటీ తెచ్చిచ్చాడు. మశూచి టీకాలు వేయడానికి ఆ రోజే రెండింటికి జీపులో వాగు అవతలి ఊళ్లకు పోతుందట. వానలు ముదిరితే దసరా దాకా తిరిగి రాలేదట. కృపానందం వెంటనే బండి స్టార్టు చేశాడు. దొరగారేమో మంచి గడియ చూసి, కొబ్బరికాయ కొట్టి, పదకొండింటికి గానీ బండి కదలనివ్వలేదు.

అరవై అయిదు మైళ్లు. ములుగు దాటేసరికి ఒకటిన్నర.

"అన్నా, జర తొక్కనా? ఎవలు చూస్తాండ్రు?" అన్నాడు డ్రైవరు పర్శరాములు.

కృపానందానికి ప్రాణం కొట్టుకుపోతోంది. "తొక్కు," అనేశాడు. ముల్లు ముప్పై అయిదుకు పోయింది. అంతలోనే ఇంజిన్ గొంతు బిగిసింది, వేడి వాసన ముక్కుకు తగిలింది. లోపల ఆ నాలుగు థౌల సందు పూడిపోతున్నట్టు అతనికి ఒళ్లంతా తెలిసింది.

"వద్దు. ఇడువు," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పర్శరాములు చూడనట్టు రోడ్డు చూశాడు.

దవాఖాన చేరేసరికి మూడున్నర. ఆయా మొగిలమ్మ గుమ్మంలోనే ఉంది.

"మూడింటి దాక జీపును ఆపింది బిడ్డా. సర్కారు జీపు ఎంతసేపని ఆగుతది? 'కొత్త ఇంజిన్‌తోని జల్ది వస్తే కొట్లాడుత, నిమ్మలంగనే రానీ' అన్నది. అని మళ్ల ఏడ్సింది."

"రెండు మైళ్లే అన్నా వాగు. తొక్కితే అందుకుంటం," అన్నాడు పర్శరాములు.

కాగిన ఇంజిన్ చల్లారేదాకా కదపకూడదని, కృపానందం అప్పటికే కిందికి దూకాడు. ఇంజినంటే కొత్తది గానీ తన కాళ్లు కొత్తవి కావుగా! బురదలో, జనం వింతగా చూస్తుంటే, పరుగు లంకించుకున్నాడు.

వాగు దగ్గరికి వచ్చేసరికి, ఇసుకలో దిగబడి ఆలస్యమైన జీపు అప్పుడే అవతలి గడ్డ ఎక్కుతోంది. పైన ఎక్కడో వానపడి, జీపు దాటినంతలోనే నీళ్లు నడుము దాటాయి. అతను చేతులూపుతూ కేక పెట్టాడు. జీపు ఆగింది. ఎస్తేరు దిగి నీళ్ల అంచుదాకా వచ్చింది. చిక్కిపోయింది. నుదుటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుని అతన్నే చూస్తూ ఏదో అంది. వాగు హోరులో ఒక్క ముక్క వినబడలేదు. హారన్ మోగింది. ఆమె మళ్లీ అదే మాట అంది.

కృపానందం సరేనని తలూపాడు.