ప్రశ్నలో ఏడుపు

మా మనవరాలు శ్రీవిద్య ఉదయగిరిలో నా దగ్గరే ఉండి, రోజూ బస్సులో ఆత్మకూరు వెళ్లి నర్సింగ్ చదివింది. చదువు ముగిసే ముందే రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి ఆత్మకూరులోనే, పొద్దుగూకేసరికి ఇల్లు చేరవచ్చు. రెండోది పాడేరు కొండల్లో ఒక ఆసుపత్రి. ఎక్కడికి వెళ్తుందో తను చెప్పలేదు, అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నేను బస్సెక్కించినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు తక్కువ.

అప్పుడే కాలేజీవాళ్లు తనకొక సర్వే అప్పజెప్పారు. పిల్లలు నర్సింగ్‌లోకి ఎందుకొస్తున్నారో కనుక్కోవాలి. "పరోపకార బుద్ధితో ఈ వృత్తిని ఎంచుకున్నారా?" అని రాసి పంచింది. అందరూ అవుననే టిక్కు పెట్టారు.

"అందరూ అవునంటే అది ప్రశ్నే కాదంట అవ్వా. సార్ మళ్లీ రాయమన్నాడు. మన అంగట్లో కూర్చోని పొట్లం కాగితాలన్నీ చదివినావు గదా, ఒక మాట చెప్పు."

'సేవ' అని పెట్టమన్నాను. మా వసారాలో చింతపండు గింజలు తీస్తున్న పక్కింటి రోశమ్మను అడిగి చూశాం.

"సేవ చెయ్యడం నీకిష్టమా రోశమ్మా?"

"మీసేవలోనా? నాకు కంప్యూటర్ రాదు తల్లీ."

'దయ' అన్నాం.

"నాకు దయ లేదని ఎవురన్నా టిక్కు పెడతారా? మా అత్త కూడా పెట్టదు" అంది.

"మంచితనం ఉండాదా అంటే అందరికీ ఉంటాది. దానికోసం ఏం వదులుకుంటావో అడుగు" అని నేనే చెప్పి రాయించాను: "మీరు వెళ్తే ఇంట్లో పెద్దవాళ్లు ఏడుస్తారని తెలిసినా, మీ అవసరం ఎక్కువ ఉన్న చోటికి వెళ్తారా?"

శ్రీవిద్య నా ముఖంలోకి చూసింది. "ఇది సర్వేకేనా అవ్వా?"

"మరి దేనికి? ముందు నువ్వు పెట్టు టిక్కు."

పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. పెట్టలేదు. చాలా రోజుల తర్వాత నేను హాయిగా నిద్రపోయాను.

మర్నాడు సాయంత్రం ఉత్సాహంగా వచ్చింది.

"సార్ శానా బాగుందన్నాడు. ఒక్క ముక్క కొట్టేసినాడంతే."

"ఏ ముక్క?"

"ఏడుస్తారనేది. అట్టా రాస్తే జవాబును మనమే లాగినట్టంట."

కాగితం తీసుకుని చూశాను. "ఇంటికి దూరమైనా, మీ అవసరం ఎక్కువ ఉన్న చోటికి వెళ్తారా?" ఏడుపు తీసేశాక నా ప్రశ్న చాలా తేలికైపోయింది. 'అవును' పక్కన శ్రీవిద్య టిక్కు.

"మిగతా పిల్లలేమన్నారు?"

"సగం మంది కాదన్నారు. ఇప్పుడది మంచి ప్రశ్నంట."

పాడేరు పోవాలన్నా ముందు ఎక్కాల్సింది ఆత్మకూరు మీదుగా పోయే ఆ రోజువారీ బస్సే. చదువు ముగిసి తను బయల్దేరిన రోజు, మూట మోయడానికి రోశమ్మ కూడా వచ్చింది. శ్రీవిద్య కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఏందవ్వా, ఏడవడం లేదు?"

"జవాబును లాగకూడదంట గదా."

నవ్వబోయి, తల లోపలికి తీసుకుంది. బస్సు కదిలింది. రోశమ్మ దాని వైపే చూస్తూ కాసేపు నిలబడి, నా చెయ్యి పట్టుకుంది.

"మలుపు తిరిగిందిలే అక్కా. ఇంక ఏడువు."